బడి కంప్యూటర్ గది, విశ్వవిద్యాలయ పరిశోధన: గోదావరి జిల్లాల కంప్యూటర్ సైన్స్ ఆచార్యులకు బహిరంగ లేఖ

రాజమహేంద్రవరం

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ, నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఉభయ గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల కంప్యూటర్ సైన్స్ ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు,

పాఠశాలల్లో కంప్యూటర్ విద్య అనే పేరు కింద రెండు వేరువేరు పనులు నడుస్తున్నాయి. కంప్యూటర్‌ను సాయంగా పెట్టుకుని లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు చెప్పడం ఒకటి. సమాచారం యంత్రంలో ఏ రూపంలో ఉంటుంది, ఒక పనిని యంత్రం చేయగల అంచెలుగా ఎలా విడగొట్టాలి, రాసిన ప్రోగ్రాం తప్పితే ఆ తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలి అన్నవి నేర్పడం రెండోది. మొదటి పని తెర, కరెంటు, వీడియో పాఠం ఉంటే చాలావరకు సాగిపోతుంది. రెండో పనికి ఆ శాస్త్రం తెలిసిన మనిషి కావాలి, పిల్లలకు అది ఎలా ఎక్కుతుందో పట్టి చూసే మనిషి కూడా కావాలి. రాష్ట్రంలో నాలుగు దశాబ్దాలుగా డబ్బూ శ్రద్ధా ఎక్కువగా మొదటి పనికే వెళ్లాయి. ఈ లేఖ రెండో పని గురించి.

ఆ శాస్త్రం తెలిసినవారికి గోదావరి డెల్టాలోనూ చుట్టుపక్కలా కొదవ లేదు. 1946లో విశాఖపట్నంలో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల కాకినాడకు మారి, 1972లో జేఎన్‌టీయూలో చేరి, 2008లో కాకినాడ కేంద్రంగా సొంత విశ్వవిద్యాలయమైంది. భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్ కళాశాల 1980 నాటిది. నన్నయ విశ్వవిద్యాలయం 2006లో, నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ 2015లో వచ్చాయి. బడి వైపు చూస్తే, ఉపాధ్యాయులను తయారు చేసే జిల్లా విద్యాశిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు, తూర్పున బొమ్మూరులోనూ పశ్చిమాన దూబచర్లలోనూ ఉన్నాయి. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. నన్నయ విశ్వవిద్యాలయం నుంచి బొమ్మూరు డైట్‌కు వెళ్లడానికి ఒక పీరియడ్ కన్నా తక్కువ సమయమే పడుతుంది. ఇంత దగ్గర దగ్గరగా ఉన్నా ఒకరి పని మరొకరికి చేరే ఏర్పాటు ఇంకా స్థిరపడలేదు.

బడికి కంప్యూటర్ వచ్చిన తీరు చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. 1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. అవి బ్రిటన్ బడుల కోసం తయారైన యంత్రాలు. 2004లో ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో దాదాపు 5,000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు సంస్థల ద్వారా కంప్యూటర్ గదులు ఏర్పాటయ్యాయి. బోధకులు కూడా ఆ ఒప్పందం కిందే వచ్చారు, ఒప్పందం గడువు వరకే ఉన్నారు. 2016 నుంచి నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మొదలయ్యాయి. 2019లో మొదలైన నాడు–నేడు పథకంతో బడి భవనాలు మారాయి, తర్వాత తరగతి గోడల మీదికి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. వీటిలో ఏదీ వృథా అనడానికి లేదు. తెర ముట్టుకోవడానికే బెదిరిన తరం వెనక్కి పోయింది. కానీ పిల్లవాడు ఆ ట్యాబ్‌లో పాఠం చూశాడు. ట్యాబ్ చేత తనకు కావలసిన పని చేయించే విద్య అతనికి అందలేదు.

దీనికి మూలం ఉద్యోగాల పట్టికలోనే ఉంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు పోస్టులు తెలుగుకు, హిందీకి, ఇంగ్లిషుకు, గణితానికి, భౌతిక శాస్త్రానికి, జీవశాస్త్రానికి, సాంఘిక శాస్త్రానికి ఉన్నాయి. కంప్యూటర్‌కు లేదు. కంప్యూటర్ గది తాళం ఎక్కువ చోట్ల లెక్కల మాస్టారి దగ్గరో సైన్సు టీచరు దగ్గరో ఉంటుంది. వారు తమ సిలబస్ పూర్తి చేసుకుని, పదో తరగతి ప్రత్యేక తరగతులు నడిపి, మిగిలిన సమయంలో ఆ గది తెరవాలి. వాళ్లలో చాలామందికి నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంది. నేర్పేవారు ఎవరన్నదే ప్రశ్న. 2023–24లో ఇంజనీరింగ్ చివరి ఏడాది విద్యార్థులను ‘ఫ్యూచర్ స్కిల్ ఎక్స్‌పర్ట్స్’ పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు పంపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కళాశాలకూ బడికీ మధ్య తలుపు తీసిన మంచి ఆలోచన అది. అయితే నాలుగో ఏడాది విద్యార్థికి ప్రోగ్రాం రాయడం వచ్చు గాని, పన్నెండేళ్ల పిల్లకు అది ఎందుకు అర్థం కావడం లేదో కనిపెట్టడం రాదు. అది వేరే విద్య, దాని వెనుక యాభై ఏళ్ల పరిశోధన ఉంది. ఆ పరిశోధన తెలిసిన ఆచార్యుడు వెనక నిలబడి ఉంటే ఆ విద్యార్థి పని నాలుగింతలు ఫలిస్తుంది.

ఆ పరిశోధన ఏం తేల్చిందో కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ప్రోగ్రామింగ్ నేర్పే పద్ధతులను పట్టించుకోని కంప్యూటర్ శాఖల్లో ఇది ఇప్పటికీ ‘బోధన అనుభవం’ కిందే జమ అవుతోంది. 1967లో సీమోర్ పాపర్ట్, అతని సహచరులు పిల్లల కోసం లోగో భాష తయారు చేసినప్పటి నుంచి, పిల్లలు యంత్రాన్ని ఎలా ఊహించుకుంటారన్నది శాస్త్రీయంగా అడగదగిన ప్రశ్న అయింది. 1986లో రాయ్ పీ ఒక సంగతి గుర్తించాడు. కొత్తగా నేర్చుకునేవారు ఏ భాషలో ప్రోగ్రాం రాసినా, తాము చెప్పకుండా వదిలేసింది కూడా యంత్రం మనిషిలాగా అర్థం చేసుకుంటుందని లోలోపల నమ్ముతారు. వాళ్ల తప్పుల్లో చాలా భాగం ఆ నమ్మకం నుంచే పుడుతుంది. బెనెడిక్ట్ డు బూలే మరో మాట చెప్పాడు. ప్రోగ్రాం నడిచేటప్పుడు లోపల ఏం జరుగుతుందో పిల్లల మనసులో ఒక సరళమైన యంత్రం రూపు కట్టాలి. అది కట్టకపోతే వాక్యనిర్మాణం ఎంత బట్టీ పట్టినా లాభం లేదు.

సమానం గుర్తునే తీసుకుంటే ఇక్కడి బడికి ఈ విషయం ఎంత దగ్గరో కనిపిస్తుంది. ఆరో తరగతి నుంచీ పిల్లలు నేర్చుకున్న బీజగణితంలో ఎక్స్ అనేది ఎక్స్ ప్లస్ ఒకటికి సమానం కావడం అసాధ్యం. పైథాన్‌లో అదే రాత రోజువారీ పని. అక్కడ ఆ గుర్తుకు అర్థం ‘కుడివైపు విలువ లెక్కగట్టి ఎడమవైపు పేరుకు తగిలించు’ అని. గోదావరి జిల్లాల బడుల్లో కంప్యూటర్ చెప్పేది తరచు లెక్కల మాస్టారే కాబట్టి, ఒకే నోటితో రెండో పీరియడ్‌లో తప్పన్నదాన్ని ఐదో పీరియడ్‌లో ఒప్పనాల్సి వస్తుంది. ఆ పిల్లలకు ఏ క్షణంలో ఏ అర్థం మనసులో మెదులుతుంది? మాస్టారు ఏ మాట వాడితే ఆ గందరగోళం తొలగుతుంది? బోధకుడు కంప్యూటర్ పట్టా ఉన్నవాడైన దేశాల్లో ఈ ప్రశ్న ఇంత పదునుగా రాదు. ఇక్కడ వస్తుంది, కాబట్టి ఇక్కడి పరిశోధకులే దీన్ని పట్టుకోవాలి.

షరతులు నేర్పడానికి ధవళేశ్వరాన్ని మించిన పాఠం లేదు. బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది. లంక గ్రామాల పిల్లలకు ఈ అంకెలు నోటికి వచ్చు. ఆగస్టులో ఇంట్లో అందరూ వాటి గురించే మాట్లాడుకుంటారు. నీటిమట్టం ఇస్తే హెచ్చరిక చెప్పే ప్రోగ్రాం రాయమంటే, వార్తల్లో విన్న వరుసలోనే రాయడం పిల్లలకు సహజం. ముందు 11.75 దాటిందా అని చూడు, లేకపోతే 13.75, లేకపోతే 17.75. ఆ ప్రోగ్రాంకు 18 అడుగులు ఇస్తే మొదటి హెచ్చరిక అంటుంది, ఎందుకంటే మొదటి షరతే నిజమైపోయి మిగతా రెండింటి దాకా పోనే పోదు. మూడు షరతులనూ విడివిడిగా రాస్తే ఒకేసారి మూడు హెచ్చరికలూ ఇస్తుంది. పెద్ద అంకె నుంచి కిందికి రావాలని పిల్ల తనంతట తాను కనిపెట్టిన రోజున ఆమెకు షరతుల క్రమం జీవితాంతం గుర్తుంటుంది. అది తప్పితే లంకలో ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు. పాఠ్యపుస్తకాల్లో మార్కులకు గ్రేడు ఇచ్చే ప్రోగ్రాం కూడా ఇదే నేర్పుతుంది, కానీ తప్పు ఖరీదు ఎంతో ఈ లెక్క చెప్పినట్టు అది చెప్పదు.

ఇందులోనే భాషకు సంబంధించిన పరిశోధన ప్రశ్న ఒకటి దాగి ఉంది. తెలుగులో షరతు క్రియ చివర వస్తుంది. ‘మట్టం 17.75 దాటితే మూడో హెచ్చరిక ఇవ్వు’ అంటాం. వాక్యం సగం విన్నాక గాని అది షరతు అని తెలియదు. పైథాన్ వంటి భాషలు ఇంగ్లిషు వరుసలో షరతును ముందే ప్రకటిస్తాయి. తెలుగులో ఆలోచించే పిల్లలకు ఇది అడ్డమా, లేక తేడా కొట్టొచ్చినట్టు కనిపించడం వల్ల మేలేనా? ప్రోగ్రాం రాయడానికి ముందు తెలుగులో అంచెలు రాయిస్తే ఫలితం మెరుగవుతుందా? రాష్ట్రంలో ఎడమ పేజీ ఒక భాషలో కుడి పేజీ మరో భాషలో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా పిల్లల చేతుల్లో ఉన్నాయి. కాబట్టి రెండు భాషల మధ్య తిరిగే పిల్లలు ఎలా ఆలోచిస్తారో చూడటానికి ప్రతి తరగతి గదిలోనూ అవకాశం ఉంది. నాలుగైదు బడుల్లో, రెండు విధాలుగా పాఠం చెప్పి, జాగ్రత్తగా పరీక్షిస్తే తేలే ప్రశ్నలివి. ఒక ఎంటెక్ ప్రాజెక్టుకు సరిపోయే పని, దాన్ని పొడిగిస్తే పీహెచ్‌డీకి చాలినంత పని.

తెలుగు లిపి ఇంకో లోతైన ప్రశ్న తెస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాట అడిగితే తెలుగు పిల్లలంతా ‘వికటకవి’ అంటారు. ప్రోగ్రామింగ్ పాఠాల్లో ఒక మాట అలాంటిదా కాదా అని తేల్చడం అందరూ చేసే అభ్యాసం. మాటను తిరగేసి, అసలుతో పోల్చాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు పైథాన్‌లో వికటకవిని అలా తిరగేస్తే యంత్రం కాదంటుంది. కంప్యూటర్ లోపల ‘వి’ ఒక అక్షరం కాదు, వ ఒకటి, గుడి ఒకటి. మొత్తం మాట ఏడు సంకేతాలు. తిరగేస్తే గుడి ముందుకు వచ్చేస్తుంది, వ వెనకపడుతుంది. అదే తీరులో ‘అమ్మ’ పొడవు ఎంత అని అడిగితే రెండు అనదు, నాలుగు అంటుంది, ఒత్తు కోసం దాచిన గుర్తును కూడా లెక్కపెట్టి. పిల్లవాడు ప్రోగ్రాం తప్పు రాశానేమో అనుకుంటాడు. టీచరు కూడా అలాగే అనుకుని ‘ఇంగ్లిషు మాటతో చెయ్యి’ అంటే అక్కడితో ఒక గొప్ప పాఠం పోయినట్టే. అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్న యూనికోడ్ ప్రమాణాలు రాసేవారిని కూడా ఏళ్ల తరబడి వేధించింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో గాని చేరలేదు. తెలుగు కంప్యూటింగ్ మీద పనిచేసే ఆచార్యులకు ఇది తెలిసిన సంగతే. ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడికి, అతని టీచరుకు ఎవరు చెప్పాలి అన్నదే ఇక్కడి విషయం. ఈ ఒక్క ఉదాహరణను నాలుగు పేజీల తెలుగు పాఠంగా రాసి డైట్‌కు ఇస్తే జిల్లా అంతటికీ పనికొస్తుంది.

అన్ని బడుల్లోనూ పిల్లలకు సరిపడా యంత్రాలు లేవు. ఉన్నవాటిలో పాడైనవి ఉన్నాయి. అయినా పని ఆగనక్కర్లేదని న్యూజీలాండ్‌లో టిమ్ బెల్, అతని సహచరులు 1990లలోనే చూపారు. కాగితాలు, తాళ్లు, అట్టముక్కలతో క్రమబద్ధీకరణ, వెతుకులాట, తప్పులు పట్టే సంకేతాలు నేర్పే ఆ పద్ధతి ‘అన్‌ప్లగ్డ్’ పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. లిథువేనియాలో 2004లో వాలెంటీనా డాగియెనే మొదలుపెట్టిన ‘బెబ్రాస్’ పోటీలో ప్రోగ్రామింగ్ రాని పిల్లలు కూడా చిన్న చిన్న చిక్కు లెక్కలు విప్పుతూ కంప్యూటర్ సైన్స్ ఆలోచనలు పట్టుకుంటారు. కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏసీఎం ఇండియా 2016లో ప్రారంభించిన ‘సీఎస్ పాఠశాల’ ఈ రెండింటినీ భారతీయ బడులకు తెచ్చింది. ఆ ప్రయత్నంలో చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌కు చెందిన ఆర్. రామానుజం వంటి సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రవేత్తలు బడి పిల్లల పాఠాల కోసం తమ సమయం ఇచ్చారు. తమిళనాడు గణిత పాఠ్యపుస్తకాల్లో సమాచార ప్రక్రియ అనే అధ్యాయం చేరింది. అంటే కంప్యూటర్ గది లేని బడిలో కూడా ఆ ఆలోచనలు లెక్కల పీరియడ్‌లోనే అందుతాయి. ముంబయి ఐఐటీలో శ్రీధర్ అయ్యర్ నేతృత్వంలో ‘కంప్యూటర్ మస్తీ’ పాఠ్యపుస్తకాలు వచ్చాయి.

డెల్టాలో అన్‌ప్లగ్డ్ పాఠాలకు సరుకు కాలవ గట్టు మీదే దొరుకుతుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లడానికి పంటు ఎక్కవచ్చు, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లవచ్చు. పంటు దూరం తక్కువే గాని రేవులో ఎదురుచూపు ఉంటుంది, వరదొస్తే రేవు మూసేస్తారు. ఒకే రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి రుతువును బట్టి మారుతుందని అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవును కూడా కలిపి కోనసీమ పటం గీయిస్తే గ్రాఫులు, అంచుల బరువులు, అతి తక్కువ ఖర్చు దారి అన్నీ ఒక్క పీరియడ్‌లో వస్తాయి. దాళ్వాలో నీరు చాలకపోతే కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. ఏ కాలువకు ఎన్ని రోజులు, ఏ వరుసలో, శివారు పొలం ఎండకుండా ఎలా అన్నది ప్రాసెసర్ సమయాన్ని పంచే అల్గారిథమ్‌లలో వచ్చే చిక్కే. భీమవరం చుట్టుపక్కల బడుల్లో రొయ్యల కౌంట్ తీసుకోవచ్చు. కిలోకు ఎన్ని తూగుతాయో అది కౌంట్ కాబట్టి 30 కౌంట్ రొయ్య 100 కౌంట్ రొయ్య కన్నా పెద్దది. పరిమాణం ప్రకారం పెద్దది ముందు వచ్చేలా వరుస పెట్టమంటే అంకెలు ఎక్కే వరుసలో ఉండాలి. అంకెకూ అది సూచించే వస్తువుకూ ఉన్న తేడా పిల్లలకు ఇంతకన్నా తేటగా చూపడం కష్టం. ఇలాంటి పాఠాలు ఢిల్లీలోనో అమెరికాలోనో తయారు కావు. అల్గారిథమ్ తెలిసినవారూ ఆ ఊరి పిల్లలను ఎరిగినవారూ ఒక బల్ల దగ్గర కూర్చుంటేనే పుడతాయి.

ఇతర చోట్ల ఈ కలయిక ఎలా జరిగిందో రెండు ఉదాహరణలు చాలు. ఇంగ్లండ్‌లో 2008లో సైమన్ పేటన్ జోన్స్ వంటి పరిశోధకులు, బడి టీచర్లు కలిసి ‘కంప్యూటింగ్ ఎట్ స్కూల్’ అనే బృందం కట్టారు. 2012 జనవరిలో రాయల్ సొసైటీ నివేదిక అప్పటి బడి ఐసీటీ పాఠాల లోపాలను ఎత్తిచూపింది. 2014 సెప్టెంబరు నుంచి కంప్యూటింగ్ అక్కడ పాఠ్యాంశమైంది. తర్వాత బయటపడిన చిక్కు ఏమిటంటే, పాఠ్యాంశం మార్చినంత తేలిగ్గా ఉపాధ్యాయులు తయారు కారు. 2018లో ప్రత్యేకంగా జాతీయ కేంద్రం పెట్టి శిక్షణ ఇవ్వాల్సి వచ్చింది. కేరళ మరో దారి పట్టింది. 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ మొదలుపెట్టి, ఉపాధ్యాయులనే శిక్షకులుగా తీర్చి, ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తమ భాషకు, తమ పాఠాలకు తగ్గట్టు మలచుకుంది. అది 2017లో కైట్ సంస్థగా మారింది, 2018లో బడుల్లో లిటిల్ కైట్స్ పిల్లల క్లబ్బులు వచ్చాయి. ఆ రెండు చోట్లా యంత్రాల కన్నా టీచర్ల గుంపే ముఖ్యమైంది. గోదావరి జిల్లాల్లో ఆ గుంపు కట్టడానికి కావలసిన వేదిక ఇప్పటికే ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకే సబ్జెక్టు చెప్పే టీచర్లు క్రమం తప్పకుండా కలుస్తున్నారు.

విశ్వవిద్యాలయం నుంచి బడికి ఇప్పుడు వెళ్లే మనుషులు ఎక్కువగా అతిథులుగా వెళ్తున్నారు. సైన్సు దినోత్సవానికి ఒక ఉపన్యాసం, కృత్రిమ మేధ మీద గంటసేపు ప్రదర్శన, ఫోటో. పిల్లలు సంతోషిస్తారు, మర్నాడు టీచరు చేతిలో ఏమీ మిగలదు. పని నిలవాలంటే ఆచార్యుడు పిల్లల దగ్గరికి కాకుండా మొదట టీచరు దగ్గరికి వెళ్లాలి. తరగతి వెనక బెంచీలో కూర్చుని ఆమె పాఠం వినాలి, ఏ మాట దగ్గర పిల్లల కళ్లు తేలిపోయాయో చూడాలి, ఆ తర్వాతే ఏదైనా రాయాలి. పరిశోధనలో తేలిన చిన్న సాధనాలు కొన్ని టీచరుకు వెంటనే పనికొస్తాయి. ప్రోగ్రాం పంక్తులను చిందరవందర చేసి సరైన వరుసలో పెట్టమనే అభ్యాసాన్ని న్యూజీలాండ్‌కు చెందిన డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో ప్రచురించారు. కీబోర్డు మీద తడబడే పిల్లకు అది పెద్ద ఊరట. కాగితం కత్తిరిస్తే చాలు, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. సూ సెంటెన్స్ బృందం రూపొందించిన పద్ధతిలో పిల్లలు ముందు సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం ఏం చేస్తుందో ఊహిస్తారు, నడిపి చూస్తారు, పరిశీలిస్తారు, కొంచెం మారుస్తారు, చివరికి సొంతంగా రాస్తారు. ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి ‘రాయి’ అనడం కన్నా ఇది ఎంతో మేలు. కళాశాలల మొదటి ఏడాది తరగతుల్లో కూడా ఇది మేలేనని చాలామంది ఆచార్యులు ఒప్పుకుంటారు.

నూజివీడు ట్రిపుల్ ఐటీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ట్యూరింగ్ పురస్కారం అందుకున్న తొలి ఆసియా సంతతి వ్యక్తి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఆలోచన దాని వెనుక ఉంది. అక్కడ గ్రామీణ బడుల పిల్లలు పదో తరగతి అవగానే నేరుగా చేరతారు, ఆరేళ్లు చదువుతారు. బడిలో కంప్యూటర్ విద్య ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు అన్నదానికి వారే సాక్ష్యం. మొదటి నెలలోనే వారికి ఒక చిన్న పరీక్ష పెట్టి, ఏ భావన ఎంతవరకు తెలుసో నమోదు చేసి, ఏ రకం బడి నుంచి వచ్చినవారో కలిపి చూస్తే, జిల్లాల వారీగా ఎక్కడ ఏం లోపించిందో ఏటేటా తెలుస్తుంది. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

పరిశోధకులు ఇటు రాకపోవడానికి బలమైన కారణమే ఉంది. పదోన్నతికి లెక్కకు వచ్చేది సూచికల్లో ఉన్న పత్రికల వ్యాసం, బడిలో గడిపిన ఏడాది కాదు. బడి పని అంటే సమాజసేవ పద్దులో పడిపోతుంది. దీన్ని ఒక్క ఆచార్యుడు మార్చలేడు, శాఖ మార్చగలదు. కంప్యూటింగ్ విద్య మీద పరిశోధనకు 2005 నుంచి ఐసర్ పేరుతో అంతర్జాతీయ సదస్సు ఉంది, భారత్‌లో ఏసీఎం ఇండియా నడిపే కంప్యూట్ సదస్సు ఉంది. పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఈ అంశాన్ని ఒక విభాగంగా ప్రకటించడం విశ్వవిద్యాలయాల చేతిలోని పని. ఇతర శాస్త్రాలవారు ఇక్కడి పిల్లల్లో పరిశోధన విలువను ఎప్పుడో గుర్తించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి పశ్చిమ గోదావరితో సహా కొన్ని జిల్లాల పిల్లల ఆరోగ్యం, చదువు, జీవనం ఎలా మారుతున్నాయో ఏళ్ల తరబడి వెంబడించింది. అంత దూరం నుంచి వచ్చి చేయగలిగిన పని పక్క మండలం నుంచి వచ్చి చేయడం కష్టం కాదు.

కొన్ని హద్దులు ముందే గీసుకోవాలి. బడి ప్రయోగశాల అయినంత మాత్రాన పిల్లలు ప్రయోగ వస్తువులు కారు. తల్లిదండ్రుల అంగీకారం వారికి అర్థమయ్యే తెలుగులో తీసుకోవాలి, పిల్లల పేర్లు, మార్కులు బడి దాటి పోకూడదు. ఏ పాఠం మేలో తేల్చడానికి ఒక తరగతికి ఒక విధంగా, మరో తరగతికి ఇంకో విధంగా చెప్పినప్పుడు, ఫలితం తగ్గిన తరగతికి ఆ ఏడాదిలోనే మంచి పాఠం అందించి తీరాలి. పరీక్షల నెలల్లో బడికి వెళ్లకూడదు. ఒకే యంత్రం దగ్గర నలుగురు కూర్చుంటే కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందో, అమ్మాయిలు చూస్తూ కూర్చుండిపోతున్నారేమో ప్రతిసారీ గమనించాలి. టీచరు చేసిన పనికి వ్యాసంలో ఆమె పేరు సహరచయితగా ఉండాలి.

ఇప్పుడు తొందరపడాల్సిన కారణం ఒకటి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ 2026–27 నుంచి మూడో తరగతి మొదలుకుని కృత్రిమ మేధ, కంప్యూటేషనల్ థింకింగ్ పాఠాలు ఉంటాయని ప్రకటించింది. మద్రాసు ఐఐటీ ఆచార్యుడు కార్తీక్ రామన్ అధ్యక్షతన సీబీఎస్‌ఈ ఒక సంఘాన్ని వేసింది. కేంద్ర పాఠ్యక్రమం కదిలాక రాష్ట్ర పుస్తకాలు కూడా ఆలోచించక తప్పదు. ఆ పుస్తకాలు రాసే సమయానికి గోదావరి తరగతి గదుల్లో పరీక్షించి చూసిన తెలుగు పాఠాలు చేతిలో ఉంటే రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారు చేసే ఎస్‌సీఈఆర్‌టీకి ఇవ్వవచ్చు. లేకపోతే మళ్లీ ఎక్కడో తయారైనవే అనువాదమై వస్తాయి. అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే మాటల యంత్రాలు కూడా పిల్లల చేతికి వచ్చేశాయి. ఆ యంత్రం ఇచ్చిన హెచ్చరిక ప్రోగ్రాంకు 18 అడుగులు ఇచ్చి చూడాలని తట్టే పిల్లకూ తట్టని పిల్లకూ తేడా ఇక ముందు పెద్దదవుతుంది.

మొదటి ఏడాదికి పని చిన్నదిగానే ఉండవచ్చు. ఒక్కో కంప్యూటర్ శాఖ తన దగ్గరున్న డైట్‌తో ఒప్పందం చేసుకుని, ఒక ఆచార్యుడిని, ఇద్దరు పరిశోధక విద్యార్థులను ఈ పనికి కేటాయించాలి. జూన్‌లో బడులు తెరిచాక జూలై దాకా వారు పాఠాలు వినడమే చేయాలి. ఆగస్టు నుంచి ఇష్టపడి ముందుకొచ్చిన టీచర్లతో కలిసి స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఒక పాఠం చొప్పున రాయాలి. హెచ్చరికల పాఠం వరదల నెలలోనే పడితే మంచిది. డిగ్రీ విద్యార్థులకు ఉన్నత విద్యామండలి పెట్టిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును ఈ బడులకు మళ్లిస్తే యంత్రాల మరమ్మతు, పాఠాల టైపింగు, పిల్లల పక్కన కూర్చుని చూడటం వారికి అప్పగించవచ్చు. సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతి జోలికి పోకుండా ఏడు, ఎనిమిది తరగతులతోనే ఆ పాఠాలను పరీక్షించి చూడాలి. ఏప్రిల్‌లో పాఠాలనూ, ఏ పాఠం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడ్డారన్న వివరాన్నీ కలిపి తెలుగులో అచ్చువేసి, ఎవరైనా తీసుకుని మార్చుకుని వాడుకునే అనుమతితో, రెండు డైట్‌లకూ, జిల్లా విద్యాశాఖ అధికారులకూ, ఎస్‌సీఈఆర్‌టీకీ పంపాలి.